పదిహేడో నంబరు చెయ్యి

ఉప్పలయ్య కాఫీ ముట్టలేదు. మొదటి గ్లాసు చల్లారిందని సుశీలమ్మ రెండో గ్లాసు తెచ్చింది. అదీ మీగడ కట్టింది.

"తాగండి అన్నయ్యగారూ. కాఫీ ఏం చేసింది మిమ్మల్ని?"

"కాఫీ ఏం జెయ్యలే సెల్లె. నేను కాఫీకి రాలే, గంతే."

ఆదివారం పొద్దున ఏడింటికి వచ్చాడు. ఇప్పుడు తొమ్మిదిన్నర. నాచారంలో ఆ ఇంటి ముందుగదిలో, తలుపు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఎదురుగా సోఫాలో సీతారామయ్య పేపరు పట్టుకుని గంట నుంచీ ఒకే పేజీ చదువుతున్నాడు. అది పెళ్ళి సంబంధాల పేజీ. ఆ ఇంట్లో పెళ్ళికావలసిన వాళ్ళెవరూ లేరు.

ఇద్దరి మధ్యా టీపాయ్ మీద ఒక గుండ్రటి అల్యూమినియం డబ్బా ఉంది. మల్లాపూర్‌లో ముప్పై రెండేళ్ళు లేతు మిషను నడిపిన ఉప్పలయ్య తన చేతులతో చేసిన డబ్బా అది. సీతారామయ్య దగ్గరున్న పాత నాణేలన్నిటికీ ఇలాంటి డబ్బాలు చేసిచ్చింది అతనే. ఈ ఒక్కటి మాత్రం తనకోసం చేసుకున్నాడు. అందులో నిజాం కాలపు వెండి నాణెం, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి ఉంది. నాలుగు నెలల కిందట ఉప్పల్‌లో జరిగిన వేలంలో రెండు లక్షల ఎనభై వేలకు పాడుకున్నాడు. నిన్న సికింద్రాబాద్‌లో ఒక షాపుకు తీసుకెళ్తే రెండున్నర ఇస్తామన్నారు.

రెండున్నర లక్షలు కాదు. వేలు.

"మల్లొక్కసారి చెప్పుండ్రి సార్," అన్నాడు ఉప్పలయ్య. "గా రోజు వేలంల మీ నంబరు కార్డు లేపిన్రా, లేదా?"

"లేపాను."

"ఎన్నిసార్లు?"

"గుర్తులేదయ్యా."

"నాకు గుర్తున్నది. ఐదుసార్లు. మీరొకపాలి లేపితే నేనొకపాలి లేపిన. సీతారామయ్య సారే పట్టు ఇడుస్తలేడంటే దాండ్ల ఏదో ఉన్నదనుకున్న. నాకు నాణెం తెల్వది సార్. నాకు మీ చెయ్యి తెలుసు."

సీతారామయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఇంకేం చెయ్యాలో తోచక డబ్బా మూత తీశాడు. లోపల రూపాయి తళతళ మెరిసింది. కొత్త గిన్నె అయినా అంత తెల్లగా ఉండదు.

"దీన్ని తోమావా?"

"మా ఇంటామె రాజ్యం తోమింది. దసరాకు పూజల పెట్టుకున్నం. నల్లగున్నదని చింతపండు పెట్టి తోమింది."

"చింతపండా!" సీతారామయ్య గొంతులోకి ప్రాణం లేచొచ్చింది. "ఎంత పని చేశారయ్యా! పాత నాణేన్ని తోముతారా ఎక్కడైనా? ఆ నలుపే దాని వయసుకి సాక్ష్యం. తోమిన నాణెం తెలిసినవాడు ముట్టుకోడు. నన్ను ఒక్కమాట అడగొద్దూ?"

ఉప్పలయ్య మొహం వాడిపోయింది. అంతదాకా బిగించి కూర్చున్న భుజాలు జారాయి.

"అంటే మా అంతల మేమే పోగొట్టుకున్నమా?" అన్నాడు నెమ్మదిగా. "రాజ్యంకు ఈ మాట ఎట్ల చెప్పాలె సార్? మస్తు సంబురంగ తోమింది."

ఇక్కడ సీతారామయ్య ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. చెడ్డవాడు కాదు. అరవై ఏడేళ్ళు వచ్చేదాకా ఒకరి దగ్గర అర్ధరూపాయి ఉంచుకున్నవాడు కాదు. ప్రభుత్వ పరిశోధనశాలలో పనిచేసినన్నాళ్ళూ ఆఫీసు పెన్సిలు కూడా ఇంటికి తేలేదు. కానీ చింతపండు దొరికింది కదా అని దాని వెనక దాక్కున్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ సుశీలమ్మ అడిగింది.

"తోమకముందు ఎంత చేసేదండీ?"

"ఏమిటి?"

"అదే. నలుపుతో ఉన్నప్పుడు ఎంత చేసేది ఆ రూపాయి?"

ఫ్యాను తిరుగుతోంది. కింద కూరగాయల బండి మైకులో టమాటాల ధర చెబుతోంది.

"చెప్పండి."

"నాలుగు వేలు," అన్నాడు సీతారామయ్య. "మంచివాడు తగిలితే ఐదు."

ఉప్పలయ్య అతని వైపు చూశాడు. 

"మరి మీరెందుకు లేపిన్రు సార్?"

దానికి సమాధానం ఉంది. చెబితే నవ్వుతారేమోనని భయపడే సమాధానం. ఆ వేలాలు నడిపేది రాఘవేంద్ర. బందరువాడు, సీతారామయ్య ఊరివాడే. చుట్టరికం లేకపోయినా 'బావగారూ' అని పిలుస్తాడు. రిటైరయ్యాక సీతారామయ్యని పిలిచి ముందు వరసలో కుర్చీ వేసి, కుర్చీకి పేరు రాసిన అట్ట కట్టి, పదిహేడో నంబరు కార్డు ఎప్పటికీ మీదేనన్నాడు. ఏటా ఒక శాలువా కప్పుతాడు. పాట మందగించినప్పుడు కనుబొమ్మ ఎగరేస్తాడు. అప్పుడు సీతారామయ్య కార్డు ఎత్తాలి. కొనడానికి కాదు, పాట కదలడానికి. వాళ్ళ నాణేల సంఘంలో దాన్ని 'చెయ్యి సాయం' అంటారు. పాతవాళ్ళు ఒకరికొకరు చేసుకునే మర్యాదే అనుకున్నాడు అతను. మర్యాదకు ఎత్తిన చెయ్యిని నమ్మి కొత్తవాళ్ళు కొంటున్నారని తెలియదా అంటే, తెలియనంత అమాయకుడూ కాదు.

"రూపాయి తీసుకోలేదు ఉప్పలయ్యా," అన్నాడు. "నా పిల్ల మీద ఒట్టు. ఒక్క రూపాయి తీసుకోలేదు. మొహమాటానికి ఎత్తాను."

"తీసుకున్నా బాగుండేది," అంది సుశీలమ్మ. "దొంగతనమని మీకైనా తెలిసేది. మొహమాటానికి పోతే ఏదో అయిందని..." సామెత పరాయి మగాడి ముందు పూర్తిచెయ్యడం బాగుండదని ఆగింది. మిగతా సగం ముగ్గురికీ తెలుసు.

"నాకు సామెతలు వద్దు సెల్లె," అన్నాడు ఉప్పలయ్య. "నా రిటైర్మెంటు పైసలు అవి. ఆర్నెల్లల్ల డబలైతయని రాఘవేంద్ర సార్ చెప్పిండు. నేనూ మా పాత దోస్తూ కలిసి సెకండ్‌హ్యాండ్ లేతు కొంటున్నం. షెడ్డుకు అడ్వాన్సు గూడ ఇచ్చినం. బుధారం లోపట మిషిన్‌కు పైసలు కట్టకుంటే అది ఇంకోనికి పోతది. అరవై ఏండ్లకు మల్ల ఒకని కింద పనికి పోవాలె నేను."

అప్పుడే సీతారామయ్య ఫోను మోగింది. స్పీకరు లేకుండా మాట్లాడటం అతనికి ఇప్పటికీ చేతకాదు. అందుకని రాఘవేంద్ర గొంతు ఇల్లంతా వినపడింది.

"బావగారూ! నిన్న ఉప్పలయ్య నా షాపుకొచ్చి నానా గొడవా చేసి వెళ్ళాడు. మీ దగ్గరికి గానీ వచ్చాడా?"

"ఇక్కడే ఉన్నాడు."

"మంచిదే, విననీండి. కోపాలొద్దు, దారి ఉంది. ఇవాళ సాయంత్రం పాటలో ఆ రూపాయిని చివర కలుపుతాను. కొత్తవాళ్ళు పాతికమంది వస్తున్నారు. తళతళలాడుతోందిగా, లైటు వేస్తే చాలు, పడిచస్తారు. మీరు ముందు వరసలో కూర్చుని నాలుగైదుసార్లు ఎత్తండి. ఆయన డబ్బు ఆయనకొచ్చేస్తుంది. నా కమీషను కూడా వదిలేస్తా. ఏమంటారు?"

"ఆలోచించి..."

"ఆలోచించేదేముంది బావగారూ? నాలుగింటికి." ఫోను పెట్టేశాడు.

సుశీలమ్మ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. "ఆ పాతికమందిలో ఇంకో ఉప్పలయ్య ఉంటాడుగా?"

సీతారామయ్య ఫోను తిప్పి టీపాయ్ మీద పెట్టాడు. మాట్లాడింది ఉప్పలయ్య.

"సెల్లె, నువ్వు జర ఆగు. సార్, మీ చెయ్యితోని పడ్డ నేను. మీ చెయ్యితోనే బయటికి తియ్యుండ్రి."

"ఇంకొకాయన పడతాడు కదా అన్నయ్యా!"

"పడతడు. నేను పడ్డప్పుడు ఎవలు అడ్డమొచ్చిన్రు?"

 ఉప్పలయ్య లేచి, డబ్బా జేబులో వేసుకుని, నిలబడే ఆ చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"నాలుగింటికి హాలుకాడ ఉంటా," అని మెట్లు దిగాడు.

*

బెండకాయలు తరుగుతూ సుశీలమ్మ అరగంట మాట్లాడలేదు. ఆమె మాట్లాడితే సీతారామయ్యకి విసుగు, మాట్లాడకపోతే భయం.

"అలా కత్తిపీట మీద చూపించకు కోపం," అన్నాడు చివరికి.

"బీరువాలో ఉన్నాయిగా."

"ఏవి?"

"మీ డబ్బాలు. అందులో నిజంగా విలువైనవి పది ఉన్నాయని మీరే అంటారు. నాలుగు తీసి అమ్మండి. ఉప్పలయ్యగారి డబ్బు ఉప్పలయ్యగారికి ఇవ్వండి. సాయంత్రం ఆ హాలుకి వెళ్ళకండి."

"నలభై ఏళ్ళు సుశీలా. ఒక్కొక్కటీ ఎలా కొన్నానో నీకు తెలుసు. టీ మానేసి కొన్నవి ఉన్నాయి."

"మీరు టీ మానేశారు. నేను మానేసినవి చెప్పమంటారా?"

అతను లేచి మంచినీళ్ళు తాగాడు. దాహం వేసి కాదు. ఉప్పలయ్యకి న్యాయం జరగాలని అతనికి నిజంగానే ఉంది. ఆ న్యాయం ఎవరో మొహం తెలియని మనిషి జేబులోంచి రావాలని కూడా ఉంది. ఈ రెండో కోరిక తలుచుకుంటే అతనికే సిగ్గేసింది.

పన్నెండింటికి భాగ్యశ్రీ వచ్చింది. ఆదివారం మొగుణ్ణి నిద్రపోనిచ్చి, పీర్జాదిగూడ నుంచి కారు వేసుకుని అమ్మ చేతి భోజనానికి రావడం ఆమెకు అలవాటు. చెప్పులు విడుస్తూనే ఇంట్లో ఏదో జరిగిందని పసిగట్టింది. కంచాల ముందు కూర్చునేసరికి తల్లి చేత మొత్తం చెప్పించింది.

"ఇందులో నాన్న తప్పేముంది?" అంది. "వేలమంటే వేలమే. ఎవరిష్టం వాళ్ళది. కళ్ళు తెరుచుకుని కొనుక్కోవాలి."

"నీకు తెలియదులే, అన్నం తిను," అన్నాడు సీతారామయ్య.

"నాకెందుకు తెలియదు? నేను మాత్రం అలా కొనలేదా?" అని ఎడమచేత్తో గోడ వైపు చూపించింది.

గోడ మీద చిన్న చెక్కఫ్రేములో ఒక నాణెం ఉంది. పాత బందరు టంకశాల రూపాయి. మూడేళ్ళ కిందట తండ్రి పుట్టినరోజుకి భాగ్యశ్రీ ఇచ్చింది. నాన్న ఊరి నాణెం నాన్న ఇంట్లో ఉండాలని కొన్నానంది. ఎక్కడ, ఎలా అంటే, రహస్యమని నవ్వింది. అది అంతకుముందు రాఘవేంద్ర వేలంలో అమ్ముడుపోయిన నాణెమే. ఎవరి దగ్గరో చేతులు మారాక కొని ఉంటుందని సీతారామయ్య అనుకున్నాడు. అనుకోవడం అతనికి సౌకర్యంగా ఉంది.

"ఇక చెప్పేస్తాను," అంది భాగ్యశ్రీ ఉత్సాహంగా. "ఆ రోజు వేలంలోనే కొన్నాను నాన్నా. ఫోన్లో. నీకు తెలియకూడదంటే రాఘవేంద్ర అంకులే ఏర్పాటు చేశారు. లైన్లో వాళ్ళ ఆఫీసమ్మాయి చాందిని ఉంది. 'మేడమ్, మీ డాడీ మల్ల లేపిన్రు' అని చెప్తూ ఉంది. నాలుగుసార్లు ఎత్తావు నువ్వు! నాలుగుసార్లూ నేను పెంచాను. నాన్న ఎంత మనసుపడ్డాడో అని ఒకటే నవ్వు నాకు. నీకోసం నీ మీదే పాడుతున్నానని."

సీతారామయ్య చేతిలో ముద్ద కంచంలోకి జారింది.

"రాఘవేంద్రకి తెలుసా? ఫోన్లో ఉన్నది నువ్వని?"

"ఆయనే కదా కలిపింది! తెలియకపోతే ఎలా?"

"ఎంతకి కొన్నావమ్మా?"

"బహుమతి ధర అడుగుతారా ఎవరైనా? పద్దెనిమిది నెలలు ఈఎంఐ కట్టాను, అంతవరకే చెప్తా." మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంటూ నవ్వింది. "ఉప్పలయ్య అంకుల్ కూడా నాలాగే నీ చెయ్యి చూసి పాడాడు. నాకు మంచిది దొరికింది, ఆయనకి దొరకలేదు. అదృష్టం, అంతే."

సీతారామయ్య చెయ్యి కడుక్కుని, ఫోనుకి సిగ్నల్ లేదంటూ బాల్కనీలోకి వెళ్ళాడు. ఫోను కంచం పక్కనే ఉంది. సుశీలమ్మ దాన్ని చూసింది, మొగుడు వెళ్ళిన వైపు చూసింది. కాసేపాగి వెనకే వెళ్ళింది.

"గోడ మీదదానికి ఎత్తినప్పుడు కళ్ళజోడు తీశారా?" అని గొంతు తగ్గించి అడిగింది.

అతను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ ప్రశ్నకి అర్థం ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. సీతారామయ్యకి దూరపుచూపు ఆనదు. కళ్ళజోడు లేకపోతే గదిలో ఉన్న మనిషి మొహం పోల్చుకోలేడు. కానీ చిన్న వస్తువు కంటి దగ్గర పెట్టుకుంటే దాన్ని అతనిలా చూసేవాడు లేడు. నాణేన్ని నిజంగా పరీక్షించాలంటే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, భూతద్దం కంటికి ఆనించుకుంటాడు. పెట్టుకునే ఉన్నాడంటే చూడలేదన్నమాట.

"మూడేళ్ళయింది దాన్ని గోడకి తగిలించి," అంది సుశీలమ్మ. "ఎంతమంది నాణేలవాళ్ళు వచ్చారు మనింటికి! బీరువాలోవన్నీ చూపిస్తారు. గోడ మీదది ఒక్కరికైనా చూపించారా? అది మంచిది కాదని నాకు అప్పుడే అర్థమైంది. దాని ధర మీ చెయ్యి పెంచిందనుకోలేదు, అంతే."

"అమ్మాయికి చెప్పకు."

"నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు."

లోపల్నుంచి భాగ్యశ్రీ కేకేసింది. "నాన్నా, సాయంత్రం నేను దింపుతా. నేనూ చూస్తాను, నువ్వు కార్డు ఎలా ఎత్తుతావో!"

వద్దనడానికి సీతారామయ్యకి ఒక కారణం కావాలి. వెతికితే ఒక్కటే దొరికింది. అది చెప్పలేకపోయాడు.

*

ఉప్పల్‌లో ఆ ఫంక్షన్‌హాలు మెట్రో స్తంభాల పక్కనే ఉంది. ముందురోజు పెళ్ళి జరిగినట్టుంది, స్టేజీ మీద పూల తోరణం అలాగే వాడిపోయి ఉంది. పెళ్ళివారి సింహాసనాలు గోడకి నెట్టి, మధ్యలో రాఘవేంద్ర బల్లా, సుత్తీ పెట్టారు. సుశీలమ్మ రానంటూనే కారెక్కింది. తల్లీకూతుళ్ళు చివరి వరసలో కూర్చున్నారు. గోడవార ఉప్పలయ్య నిలబడ్డాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

ముందు వరసలో తన పేరున్న కుర్చీలో సీతారామయ్య కూర్చోగానే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. కీర్తన. నాచారంలో బడి టీచరు. ప్రతి రెండో ఆదివారం అతని ఇంటికొచ్చి నాణేల గురించి నేర్చుకుని వెళ్ళే పిల్ల.

"సార్, దాచుకున్న చీటీ డబ్బు తీసుకున్నాను. ఈసారి ఒక్కటైనా మంచిది కొనాలని," అంది. "చివర కలిపిన చార్మినార్ రూపాయి చూశాను. తోమినట్టుంది కదా సార్? భూతద్దంలో సన్నగా గీతలు కనపడ్డాయి. వద్దనుకుంటున్నాను."

కరెక్టుగా చూసింది. అతను నేర్పినట్టే చూసింది. 'వద్దమ్మా' అంటే ఒక్క క్షణం పని. గోడ దగ్గర ఉప్పలయ్య ఇటే చూస్తున్నాడు.

"ఊఁ," అన్నాడు సీతారామయ్య. ఆ 'ఊఁ'కి ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు.

ముప్పై నాణేలు గంటన్నరలో అమ్ముడుపోయాయి. ఒక్కదానికీ అతను కార్డు ఎత్తలేదు. రాఘవేంద్ర రెండుసార్లు కనుబొమ్మ ఎగరేసి ఊరుకున్నాడు. చివరికి తెర మీద చార్మినార్ రూపాయి వచ్చింది. లైట్లలో నిజంగానే ధగధగలాడింది. కొత్తవాళ్ళు ముందుకు వంగారు.

"యాభై వేలతో మొదలు," అన్నాడు రాఘవేంద్ర.

సీతారామయ్య కార్డు ఎత్తాడు.

వెనక ఒకరు అరవై అన్నారు. ఇంకొకరు ఎనభై. సీతారామయ్య మళ్ళీ ఎత్తాడు. లక్ష దాటాక ఆ ఇద్దరూ తగ్గారు.  ఇక రాఘవేంద్ర పాట తన మీదే కొట్టేస్తాడేమో, కొట్టేస్తే బాగుండునని కూడా అనిపించింది సీతారామయ్యకి.

"లక్షా ఇరవై," అని వెనక నుంచి కీర్తన గొంతు.

అతను వెనక్కి తిరిగాడు. ఆమె కార్డు పైకెత్తి, కాస్త సిగ్గుగా నవ్వింది.

"మీరున్నారంటే నేనే పొరపాటుగా చూసుంటాను సార్," అంది మెల్లగా.

రాఘవేంద్ర కనుబొమ్మ ఎగిరింది. గోడ దగ్గర ఉప్పలయ్య రెండు చేతులూ జోడించి ఉన్నాడు. దండం ఎవరికి పెడుతున్నాడో అతనికే తెలియాలి. సీతారామయ్య చెయ్యి లేచింది. లక్షా నలభై. ఆమె అరవై. చెయ్యి మళ్ళీ లేచింది. ఆమె రెండు లక్షలు. అలవాటైన చెయ్యి, మనిషిని అడగకుండానే లేస్తోంది. ఈసారి అతనిది రెండు లక్షల ముప్పై. ఆమె కాస్త ఆగి, నీళ్ళసీసా మూత తిప్పి, తాగకుండానే మళ్ళీ బిగించి, రెండు లక్షల డెబ్భై అంది.

"రెండు లక్షల డెబ్భై!" రాఘవేంద్ర సుత్తి ఎత్తాడు. "ఒకటోసారి."

ఇక చెయ్యి దించితే చాలు. ఉప్పలయ్యకి లేతు వస్తుంది. బీరువా బీరువాలాగే ఉంటుంది. సంఘంలో పేరు పేరులాగే ఉంటుంది.

"రెండోసారి."

"ఆగు రాఘవేంద్రా," అన్నాడు సీతారామయ్య. లేచి నిలబడ్డాడు. 

"బావగారూ, ఏదైనా ఉంటే తర్వాత..."

"నేను ఈ నాణెం పరీక్షించి చూడలేదు. ఇవాళ చూడలేదు, నాలుగు నెలల కింద ఉప్పలయ్య కొన్న రోజూ చూడలేదు. ఎత్తమని నువ్వు సైగ చేస్తావు, నేను ఎత్తుతాను. కొనడానికి కాదు. కీర్తనా, నువ్వు చూసిందే నిజం. కార్డు దించు తల్లీ."

కీర్తన కార్డు దించలేదు. ఏమీ అర్థంకానట్టు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"సార్," గోడ దగ్గర్నుంచి ఉప్పలయ్య గొంతు వచ్చింది. బతిమాలుతున్న గొంతు. "కూసోండి సార్. ఒక్క నిమిషమైతే అయిపోతది."

"నీ డబ్బు నేనిస్తాను ఉప్పలయ్యా. నా డబ్బాలు అమ్మి బుధవారం లోపల ఇస్తాను. ఇంతమంది ముందు చెప్తున్నాను."

అతను బల్ల దగ్గరికి నడిచాడు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, భూతద్దం కంటికి ఆనించుకుని, రూపాయిని వేళ్ళ మధ్య తిప్పాడు. ఎవరూ ఆపలేదు. రాఘవేంద్ర సుత్తి ఇంకా గాల్లోనే ఉంది.

"అసలుదే. చాలా దొరికే రకం. తోమకముందు ఐదు వేలు చేసేది," అన్నాడు. అక్కడికి అయిపోయిందనుకున్నాడు.

అయిపోలేదు. మధ్య వరసలో నుంచి ఒకాయన లేచాడు. "అయితే పోయినేడు నేను కొన్నదో? దానిక్కూడ మీరే లేపిన్రు. ఏది సూసి లేపిన్రో, ఏది సూడక లేపిన్రో మాకెట్ల తెలుస్తది?"

"కళ్ళజోడు తీసి చూస్తాను నేను. తియ్యలేదంటే చూడలేదని," అన్నాడు సీతారామయ్య.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరికి వాళ్ళు తమ నాణెం రోజుని గుర్తుచేసుకుంటున్నారు. ఆ రోజు సారు కళ్ళజోడుతో ఉన్నాడా, లేడా అని పక్కవాళ్ళని అడుగుతున్నారు. రాఘవేంద్ర మైకు ఆపించి, "పదేళ్ళ స్నేహం బావగారూ," అని పళ్ళు బిగించి అన్నాడు.

"స్నేహమే," అన్నాడు సీతారామయ్య. "నా కూతుర్ని ఫోన్లో కూర్చోబెట్టి నా చేతే ఎత్తించావు."

మైకు ఆపినా హాలు చిన్నది. మాట చివరి వరస దాకా వెళ్ళింది.

"నాన్నా."

కళ్ళజోడు లేని సీతారామయ్యకి అక్కడ పసుపురంగు చీర ఒక్కటే మసకగా కనిపించింది. లేచి నిలబడి ఉంది. దాని పక్కన ఇంకో మసక, దాన్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టాలని చూస్తోంది. అది సుశీలమ్మ అయి ఉంటుంది.

"బందరు రూపాయికి తీశావా కళ్ళజోడు?"

గుసగుసలు ఆగిపోయాయి. అబద్ధం చెప్పడానికి ఇంకా వీలుంది. అమ్మాయి నమ్ముతుంది కూడా. 

"లేదమ్మా."

"సరే," అంది భాగ్యశ్రీ. గొంతు మామూలుగానే ఉంది, అందుకే భయం వేసింది అతనికి. "నేను తెచ్చి నీ చేతిలో పెట్టిన రోజు తీశావు. నాకు బాగా గుర్తుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశావు. కళ్ళు తుడుచుకున్నావు కూడా."

"అవునమ్మా."

"చూసి నాతో ఏమన్నావో చెప్పు నాన్నా."

అతనికి గుర్తుంది. 'ఇంత మంచిది నా దగ్గర ఒక్కటీ లేదమ్మా' అన్నాడు.  కళ్ళజోడు చేతిలోనే ఉంది. పెట్టుకుంటే కూతురి మొహం కనిపిస్తుంది.

పెట్టుకోలేదు.